రెండు తరగతి గదులు, ఒక దస్తావేజు: న్యాయశాస్త్రం, జెండర్ అధ్యయనం కలిపి చదవడం గురించి



నేను సుమారు ముప్ఫై ఏళ్ళుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. కటకాలు, దర్పణాలు, విద్యుత్ వలయాలు నా పాఠాలు. ఈసారి మాత్రం నాది కాని పాఠం చెప్పబోతున్నాను. అందుకు కారణం నా దగ్గర బి.యస్సీ. చదివిన ఒక అమ్మాయి. చివరి సంవత్సరం పరీక్షలు రాశాక వాళ్ళ నాన్నగారితో కలిసి మా ఇంటికి వచ్చింది. "మేడమ్, నేను లా చదువుదామనుకుంటున్నాను. దాంతోపాటు జెండర్ స్టడీస్‌లో ఎమ్.ఏ. కూడా చేయాలనుంది. రెండూ కలిపి చదవొచ్చా? చదివితే ప్రయోజనం ఉంటుందా?" అని అడిగింది. వాళ్ళ నాన్నగారి ప్రశ్న ఇంకా సూటిగా ఉంది. "లా అంటే తెలుసండీ, నల్లకోటు. ఆ రెండోది ఎందుకండీ? దానికి ఏం ఉద్యోగం వస్తుంది?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తెలియని విషయం మీద సలహా ఇవ్వడం తప్పు కదా. రెండు నెలలు గడువు అడిగాను. ఆ రెండు నెలల్లో చట్టాలు చదివాను, తీర్పులు చదివాను, రెండు శాఖల అధ్యాపకులతోనూ మాట్లాడాను. ఆ తండ్రీకూతుళ్ళకు చెప్పిన జవాబునే కాస్త విస్తరించి ఇక్కడ మీకు చెబుతున్నాను.

మొదట ఆ రెండో మాట సంగతి

జెండర్ అంటే స్త్రీలు అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. పుట్టుకతో వచ్చే శరీర భేదం ఒకటి. ఆ భేదం చూపించి ఎవరు ఏ పని చేయాలి, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, పొలం ఎవరి పేరున ఉండాలి అని సమాజం రాసుకున్న లెక్క మరొకటి. ఈ రెండోదాన్ని జెండర్ అంటున్నాం. మన పొలాల్లో దుక్కి దున్నడం మగవాళ్ళ పని, నాట్లు వేయడం ఆడవాళ్ళ పని. ఎందుకని అడిగితే "బలం" అని జవాబు వస్తుంది. రోజంతా నడుము వంచి మోకాలిలోతు బురదలో నిలబడే పనికి బలం అక్కర్లేదా? ట్రాక్టరు వచ్చాక దున్నడానికి కండబలంతో పని తగ్గింది. అయినా ట్రాక్టరు నడిపే ఆడమనిషి మనకు ఎన్ని ఊళ్ళలో కనిపిస్తుంది? కారణమని చెప్పింది పోయినా ఫలితం మిగిలిందంటే, అసలు కారణం మరొకటి ఉందన్నమాట. ప్రయోగశాలలో మనం ఇలాగే ఆలోచిస్తాం. జెండర్ అధ్యయనం ఇదే పని సమాజం మీద చేస్తుంది. అందులో పురుషుల జీవితాలూ, హిజ్రాల జీవితాలూ కూడా పాఠ్యాంశాలే. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ జెండర్‌గా గుర్తిస్తూ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 2014లో.

ఇంకో చిన్న సంగతి. తెలుగు వ్యాకరణంలో "అతడు వచ్చాడు" అంటాం. "ఆమె వచ్చింది", "ఆవు వచ్చింది", "బస్సు వచ్చింది" అంటాం. ఏకవచనంలో ఆడమనిషికీ, ఆవుకూ, బస్సుకూ ఒకటే క్రియ! పురుషులను సూచించే మాటలను మన సంప్రదాయ వ్యాకరణం "మహత్తులు" అంది. బహువచనంలోకి వస్తే స్త్రీలూ పురుషులతో కలిసి "వచ్చారు" అవుతారు. దీన్ని పట్టుకొని తెలుగువాళ్ళకు స్త్రీలంటే చులకన అని తేల్చేయకండి. వ్యాకరణంతో సమాజాన్ని కొలిస్తే కొలత తప్పుతుంది. కానీ మాటల్లో ఎవరు ఎక్కడ చేరతారో గమనించడం మంచి అలవాటు. ఎందుకంటే చట్టం కూడా మాటలతోనే కట్టిన కట్టడం.

1916లో కలకత్తాలో జరిగింది చూడండి. రెజీనా గుహ అనే ఆమె ఎమ్.ఏ., బి.ఎల్. చదివి ప్లీడరుగా నమోదు చేయమని దరఖాస్తు పెట్టుకున్నారు. 1879 నాటి న్యాయవాద వృత్తి చట్టంలో అర్హత ఉన్న "వ్యక్తి" అనే ఉంది. పుంలింగ పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని శాసనాల అర్థం చెప్పే మరో చట్టంలో ఉంది. అయినా ఐదుగురు న్యాయమూర్తులు కూర్చున్న కలకత్తా హైకోర్టు ధర్మాసనం ఆమెను కాదంది. ఆ వృత్తిలో స్త్రీలు ఏనాడూ లేరు కాబట్టి శాసనకర్తల ఉద్దేశంలోనూ వారు లేరన్నది దాని సారాంశం. ఆ అడ్డు తొలగించడానికి 1923లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. "వ్యక్తి" అనే మాట మారలేదు. ఆ మాట వినగానే ఎవరి ముఖం గుర్తుకు రావాలన్నదే మారింది. న్యాయశాస్త్రం ఆ మాటను చదవడం నేర్పుతుంది. గుర్తుకొచ్చే ముఖం ఎవరిదని అడగడం జెండర్ అధ్యయనం నేర్పుతుంది.

నాలుగెకరాల లెక్క

ఇప్పుడు అసలు ఉదాహరణకు వద్దాం. ఒక తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు. తల్లి కాలం చేసింది. ఉమ్మడి ఆస్తి నాలుగెకరాలు. వీలునామా ఏదీ రాయకుండా తండ్రి చనిపోయాడనుకుందాం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మొదటి రూపం ప్రకారం కొడుకు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటాదారు, కూతురు కాదు. కాబట్టి ముందు తండ్రీకొడుకుల మధ్య పంపకం జరిగినట్టు ఊహించాలి. ఇద్దరికీ చెరి రెండెకరాలు. ఆ తర్వాత తండ్రి తాలూకు రెండెకరాలు పిల్లలిద్దరికీ సమానంగా వస్తాయి. మొత్తం కొడుక్కి మూడు, కూతురికి ఒకటి. చాలామంది "చట్టం సమానంగానే పంచిందిగా" అనుకునేవారు. రెండో భాగహారం మాత్రమే సమానం. మొదటి భాగహారంలోనే కూతురు లెక్కలో లేదు.

ఈ మొదటి భాగహారాన్ని సరిచేసిన తొలి రాష్ట్రాల్లో మనది ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. కూతురు కూడా పుట్టుకతోనే వాటాదారు అయింది. తమిళనాడు 1989లోనూ, కర్ణాటక, మహారాష్ట్ర 1994లోనూ ఇదే దారి పట్టాయి. దేశమంతటికీ ఈ మార్పు 2005 సెప్టెంబర్ 9న వచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తీర్చింది. హక్కు పుట్టుకతో వచ్చేది కనుక తండ్రి బతికి ఉండనక్కర్లేదని చెప్పింది. కొత్త లెక్కలో మన నాలుగెకరాలు చెరి రెండు అవుతాయి. మీరే కాగితం మీద వేసి చూసుకోండి.

1985 నాటి మన సవరణలో ఒక షరతు ఉంది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించదు. ఇది నాకు పుస్తకంలో దొరికిన విషయం కాదు. మా అక్కకు 1984లో పెళ్ళయింది. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. అంటే ఒకే తండ్రి బిడ్డలమైన మా ఇద్దరిలో నాకు పొలంలో హక్కు పుట్టింది, అక్కకు పుట్టలేదు. ఈ సంగతి అప్పట్లో మా ఇద్దరికీ తెలియదు.

నా పెళ్ళి 1993లో జరిగింది. 1998లో నాన్న కబురు చేశారు. పొలం అన్నయ్య పేరున మార్చాలట, ఆడపిల్లల సంతకాలు ఉంటే తర్వాత చిక్కులుండవని ఎవరో చెప్పారట. అక్కా నేనూ వెళ్ళాం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అరుగు మీద దస్తావేజు లేఖరి చూపించిన చోటల్లా సంతకం చేశాం, వేలిముద్రలు వేశాం. అది హక్కు విడుదల దస్తావేజు. మధ్యాహ్నం ఇంటికొచ్చి భోజనాలు చేశాం. వదిన ఇద్దరికీ చీరలు పెట్టింది. చట్టం దృష్టిలో మా అక్క పరిస్థితి వేరు, నా పరిస్థితి వేరు. ఆ అరుగు మీద మాత్రం ఇద్దరం ఒకటే. ప్రయోగశాలలో ప్రతి పరికరం మీదా గీసిన గీతలు చదవనిదే ముట్టుకోని నేను, ఆ నాలుగు పేజీల్లో ఒక్క వాక్యం కూడా చదవలేదు.

ఈ దస్తావేజును ఇప్పుడు న్యాయ కళాశాల తరగతి గదికి తీసుకెళ్దాం. అక్కడ అడిగే మొదటి ప్రశ్న: ఇది చెల్లుతుందా? రిజిస్టరు అయింది, సాక్షులున్నారు. సమ్మతి ఉందా? 1872 నాటి కాంట్రాక్టు చట్టం సమ్మతి స్వేచ్ఛగా ఉండాలంటుంది. బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు ప్రకటన, పొరపాటు, వీటిలో ఏదైనా ఉంటే అది స్వేచ్ఛ కాదు. నా విషయంలో వీటిలో ఏది రుజువు చేయగలను? నాన్న బెదిరించలేదు. అన్నయ్య అబద్ధం చెప్పలేదు. ఆటో డబ్బులు కూడా అతనే ఇచ్చాడు. ఇక కాలపరిమితి. దస్తావేజు రద్దు చేయమని వేసే దావాకు గడువు మూడేళ్ళు. 2005లో కేంద్ర సవరణ గురించి పత్రికల్లో చదువుతున్నప్పుడుగానీ, 1985 నుంచే నాకు హక్కుందన్న సంగతి నాకు తెలియలేదు. అప్పటికి ఏడేళ్ళయింది. చట్టం తెలియకపోవడం సాకుగా చెల్లదు. ఆ గదిలో నా కేసు పది నిమిషాల్లో ముగిసిపోతుంది.

ఇప్పుడు అదే దస్తావేజును పక్క గదికి తీసుకెళ్దాం. అక్కడ అడిగేది వేరే ప్రశ్న: సంతకం పెట్టకపోతే ఏమయ్యేది? ఎవరూ కొట్టేవారు కాదు. కానీ పురుడికి వెళ్ళేది పుట్టింటికే, పండక్కి పిలుపొచ్చేది పుట్టింటి నుంచే, కాపురంలో ఏదైనా జరిగితే ఎక్కాల్సిన గడప అదే. ఆ గడప అన్నయ్యది. వాటా అడిగిన ఆడపడుచుకు ఊళ్ళో ఏ పేరు పెడతారో మీకు తెలియనిది కాదు. "పెళ్ళప్పుడు కట్నం ఇచ్చాంగా, అదే వాటా" అనే మాట ఎలాగూ ఉంది. ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచి నేరమైన కట్నం, నా చేతికి రాని కట్నం, నా వాటా ఎలా అయింది? పసుపు కుంకుమల కింద కూతురికి కాస్త పొలం రాసిచ్చే ఆచారం మన ప్రాంతాల్లో కొన్ని కుటుంబాల్లో ఉండేది. దానికీ, కట్నానికీ, వాటాకూ తేడా ఏమిటి? దక్షిణాసియాలో స్త్రీలకూ భూమికీ ఉన్న సంబంధం మీద ఆర్థికశాస్త్రవేత్త బీనా అగర్వాల్ 1994లో పెద్ద గ్రంథం రాశారు. చట్టంలో హక్కు ఉండటానికీ, అది సమాజం ఒప్పుకునే హక్కు కావడానికీ, ఆ భూమి నిజంగా ఆమె అదుపులో ఉండటానికీ మధ్య ఉన్న దూరాలను అందులో వివరించారు. ఈ గదిలో నా సమ్మతి చెరిగిపోదు, కానీ అది ఏ దినుసులతో తయారైందో కనిపిస్తుంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టి ఒక కన్ను మూసి చూడండి. తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టు ఉంటుంది. దీన్ని పారలాక్స్ అంటారు. ఈ తేడా లోపం కాదు. రెండు కళ్ళు రెండు చోట్ల ఉన్నాయి కాబట్టే, ఆ తేడాను బట్టే వస్తువు ఎంత దూరంలో ఉందో మెదడు తెలుసుకోగలుగుతుంది. దగ్గరి నక్షత్రాల దూరాలనూ ఖగోళ శాస్త్రజ్ఞులు ఈ సూత్రంతోనే కొలుస్తారు. నా దస్తావేజు ఒక గదిలో "చెల్లుతుంది" అనీ, పక్క గదిలో "స్వేచ్ఛగా పెట్టిన సంతకం కాదు" అనీ కనబడుతోంది కదా. ఆ రెండు జవాబుల మధ్య ఉన్న ఎడమే ఈ జంట చదువులో నేర్చుకోవలసిన విషయం. ఒక్క కన్నుతో చూసేవారికి అది కనిపించదు. జెండర్ అధ్యయనం ఒక్కటే చదివినవారు నా పరిస్థితిని అద్భుతంగా వివరించగలరు, కానీ మూడేళ్ళ గడువు దాటిపోతోందని నన్ను హెచ్చరించలేరు. లా ఒక్కటే చదివినవారికి గడువు తెలుసు, కానీ నేను ఎందుకు రాలేదో తెలియదు. రెండూ చదివినవారు వేరే ప్రశ్న వేయగలరు. సంతకం పెట్టే ముందు ఆమె హక్కు ఏమిటో, వదులుకుంటున్న భూమి విలువ ఎంతో రిజిస్ట్రారు ఆమెకు విడిగా చెప్పాలన్న నియమం ఉంటే? దస్తావేజు నకలు వారం ముందే ఆమె చేతికి ఇవ్వాలంటే? 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. ఆ మాట ఆ అరుగు మీద గోడకు రాసి ఉంటే? అలా రాసి ఉంటే నేను సంతకం పెట్టేదాన్ని కాదని మాత్రం చెప్పలేను. చదివి పెట్టేదాన్ని.

రెండు పెట్టెల మధ్య పడిపోయినవారు

అది ఇంటి ఉదాహరణ. ఇప్పుడు ఫ్యాక్టరీ ఉదాహరణ ఒకటి చూద్దాం. ఇది అమెరికాలోది. జనరల్ మోటార్స్ కంపెనీ మీద ఐదుగురు నల్లజాతి స్త్రీలు వేసిన దావాలో 1976లో ఒక జిల్లా కోర్టు తీర్పు ఇచ్చింది. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకోలేదు. మాంద్యం వచ్చి ఉద్యోగాలు తీసేయవలసి వచ్చినప్పుడు చివర చేరినవారిని ముందు తీశారు. 1970 తర్వాత చేరిన నల్లజాతి స్త్రీలందరి ఉద్యోగాలూ పోయాయి. కోర్టు ఏమందంటే, కంపెనీ 1964కు ముందు కూడా స్త్రీలను తీసుకుంది కనుక స్త్రీ పురుష వివక్ష లేదు. ఆ స్త్రీలు తెల్లవారన్నది లెక్కలోకి రాలేదు. జాతి వివక్ష అయితే అదే కంపెనీ మీద ఉన్న మరో కేసుతో కలుపుకోవచ్చు. రెండూ కలిపి ఒక కొత్త వర్గంగా చూడటం కుదరదు. చట్టంలో రెండు పెట్టెలు ఉన్నాయి. వీళ్ళు రెండింటి మధ్య పడిపోయారు. కింబర్లీ క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర అధ్యాపకురాలు 1989లో ఈ తీర్పును విశ్లేషిస్తూ రాసిన వ్యాసంలో దీనికి ఇంటర్‌సెక్షనాలిటీ అని పేరు పెట్టారు. రెండు రోడ్లు కలిసే కూడలిలో నిలబడినవారికి రెండు వైపుల నుంచీ వచ్చే బళ్ళు తగలవచ్చు అని అర్థం చేసుకోండి.

ఈ మాట మన దగ్గరకు కూడా వచ్చింది. 2021 ఏప్రిల్‌లో పటాన్ జమాల్ వలీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ఈ భావనను వివరంగా చర్చించింది. అత్యాచారానికి గురైన యువతి పుట్టుకతో అంధురాలు, షెడ్యూల్డు కులానికి చెందినది. స్త్రీ కావడం, దళితురాలు కావడం, చూపు లేకపోవడం అనే మూడింటినీ విడదీసి చూడలేమని న్యాయమూర్తులు అర్థం చేసుకున్నారు. అత్యాచార నేరానికి పడిన శిక్షను ఖాయం చేశారు. అయితే అట్రాసిటీల నిరోధక చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేశారు! ఎందుకు? నేరం జరిగే నాటి చట్టంలో, బాధితురాలి కులం కారణంగానే నేరం చేశాడని రుజువు కావాలి. ఆ సాక్ష్యం విచారణలో రాలేదు. 2016 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఆమె కులం తెలిసి చేశాడంటే చాలు. కానీ ఈ కేసు అంతకు ముందుది.

ఈ తీర్పును మీరు రెండుసార్లు చదవాలని నా కోరిక. భావన సుప్రీంకోర్టుకు అర్థమైంది. అయినా అది దర్యాప్తు అధికారి వేసిన ప్రశ్నల్లో లేదు, సాక్షుల వాంగ్మూలంలో లేదు. కింది స్థాయిలో సాక్ష్యంగా నమోదు కాని భావన పై స్థాయిలో ఎంత బాగా చర్చించినా శిక్షగా మారదు. మొదటి రోజు పోలీసు స్టేషన్లో ఆమె పక్కన కూర్చున్న వకీలుకు ఈ రెండు చదువులూ తెలిసి ఉంటే రికార్డు మరోలా ఉండేదేమో.

సరే, ఎలా చదవాలి?

అమెరికాలో దీనికి తయారుగా ఉన్న బాట ఉంది. అక్కడ లా అంటే డిగ్రీ తర్వాత మూడేళ్ళ చదువు, ఎమ్.ఏ. రెండేళ్ళు. విడివిడిగా చదివితే ఐదేళ్ళు. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి విశ్వవిద్యాలయం వంటి చోట్ల కొన్ని కోర్సులను రెండు డిగ్రీలకూ లెక్కవేసి నాలుగేళ్ళలో పూర్తి చేసే జంట డిగ్రీ పద్ధతి పెట్టారు. అక్కడి ఫీజులు మన కుటుంబాలకు మోయలేని భారం అన్నది ఒక సంగతి. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఎమ్మెస్ కోసం వెళ్ళినట్టు లా కోసం వెళ్ళకండి. న్యూటన్ సూత్రం ఒహాయోలోనూ ఒంగోలులోనూ ఒకటే. వారసత్వ చట్టం అలా కాదు. విదేశీ లా డిగ్రీతో తిరిగి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఆ డిగ్రీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉండాలి, ఆపైన అర్హత పరీక్ష రాయాలి.

మన దేశంలో అటువంటి తయారు బాట అంతగా లేదు, మనమే వేసుకోవాలి. ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్తగా వినండి. ఒకేసారి రెండు కోర్సులు చదవవచ్చని యూజీసీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. అది పత్రికల్లో చూసి చాలామంది లా కాలేజీలోనూ ఎమ్.ఏ.లోనూ ఒకేసారి చేరవచ్చనుకున్నారు. లా డిగ్రీ మీద అధికారం బార్ కౌన్సిల్‌ది. దాని 2008 నాటి నిబంధనల ప్రకారం లా చదువుతూ మరో రెగ్యులర్ డిగ్రీలో చేరకూడదు. దూరవిద్య ద్వారా చదివే కోర్సుకు మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి ఎల్‌ఎల్‌బీ కాలేజీకి వెళ్ళి చదువుతూ, జెండర్ అధ్యయనంలో ఎమ్.ఏ. దూరవిద్యలో చేయడం ఒక దారి. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో అటువంటి ఎమ్.ఏ. ఉంది. తలకిందులుగా చేయకండి. దూరవిద్యలో చదివిన ఎల్‌ఎల్‌బీతో న్యాయవాదిగా నమోదు కాలేరు. చేరే ముందు మీ కాలేజీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటిమాట మీద చేరి మూడో ఏట ఇబ్బంది పడినవాళ్ళు నాకు తెలుసు.

రెండో దారి ఒకదాని తర్వాత ఒకటి. నిజం చెప్పాలంటే నాకు ఇదే నచ్చింది. ముందు రెండేళ్ళు ఎమ్.ఏ., ఆ తర్వాత మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో స్త్రీల అధ్యయన కేంద్రం ఉంది. తిరుపతిలో 1983లో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో మహిళా అధ్యయన శాఖా, న్యాయశాస్త్ర శాఖా ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఎల్‌ఎల్‌బీకి మన రెండు రాష్ట్రాల్లోనూ లాసెట్ ఉంది. ఇంటర్ పూర్తిచేసినవారు క్లాట్ రాసి నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఐదేళ్ళ కోర్సులో చేరి, తర్వాత ఎమ్.ఏ. చేయవచ్చు.

రెండు చదువుల అలవాట్లు వేరు. లా పరీక్షలో వివాదాంశం ఏది, ఏ సెక్షన్, ఏ తీర్పు, ముగింపు ఏమిటి అన్నది వెంటవెంటనే రాయాలి. సందేహాలతో పేజీ నింపితే మార్కులు రావు. ఎమ్.ఏ.లో ముగింపుకు తొందరపడితే మార్కులు పోతాయి. ఊళ్ళోకి వెళ్ళి పదిమందితో మాట్లాడి, వాళ్ళు చెప్పనిదేమిటో కూడా రాసుకోవాలి. ఒక గదిలో నేర్చుకున్న అలవాటు పక్క గదిలో తప్పవుతుంది. మొదటి సంవత్సరం అయోమయంగా ఉంటుంది. అది మీ తెలివితక్కువతనం అనుకోకండి. తెలుగు మాధ్యమంలో చదివినవారికి తీర్పుల ఇంగ్లీషు మరో కొండ. సుప్రీంకోర్టు ఈమధ్య తన తీర్పుల్లో కొన్నిటి అనువాదాలను తెలుగుతో సహా భారతీయ భాషల్లో ఉచితంగా అందిస్తోంది. మొదట తెలుగులో చదివి, తర్వాత అదే తీర్పును ఇంగ్లీషులో చదవండి.

ఇక ఆ నాన్నగారి ప్రశ్న. జెండర్ అధ్యయనం పేరు చెప్పి పిలిచే ఉద్యోగాలు తక్కువే. అది దాచడం ధర్మం కాదు. కానీ ఆ చదువు అవసరమయ్యే చట్టాలు పెరిగాయి. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల నుంచి పుట్టిన 2013 నాటి చట్టం ప్రకారం, పదిమంది లేక అంతకుమించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యులు ఒకరుండాలి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణాధికారులు ఉన్నారు. న్యాయ సేవా సంస్థలు, మహిళా కమిషన్లు, స్వచ్ఛంద సంస్థలు, బోధన, పరిశోధన ఉన్నాయి. అన్నిటికంటే ముందు మామూలు జిల్లా కోర్టు ప్రాక్టీసు ఉంది. అందులో మొదటి కొన్నేళ్ళు సంపాదన అంతంతమాత్రమే. ఇంటి నుంచి కొంత ఆసరా లేనివారు అది లెక్కవేసుకునే దిగాలి. ఇలా రెండూ తెలిసినవారు ఏం చేయగలరో చూడాలంటే లోతికా సర్కార్ పేరు గుర్తుంచుకోండి. ఆమె ఢిల్లీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించారు. దేశంలో స్త్రీల స్థితిగతుల మీద 1974లో వచ్చిన నివేదిక తయారుచేసిన కమిటీలో సభ్యురాలు. ఒక ఆదివాసీ బాలికపై పోలీసు స్టేషన్‌లో జరిగిన అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తప్పుపడుతూ, 1979లో మరో ముగ్గురు అధ్యాపకులతో కలిసి ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నది ఆ లేఖలోని వాదన. 1983లో అత్యాచార చట్టం, సాక్ష్య చట్టం మారాయి.

మా విద్యార్థిని చివరకు ఎమ్.ఏ.లో చేరింది. లా తర్వాత చదువుతానంది. మొదటి సెమిస్టర్‌లో ఒక ఆస్తి పత్రాన్ని తీసుకొని వ్యాసం రాయమన్నారట. నా దస్తావేజు చూస్తానని అడిగింది. నా దగ్గర లేదు, అన్నయ్య దగ్గరా దొరకలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో రుసుము కడితే నకలు ఇస్తారని నాకు చెప్పింది ఆ అమ్మాయే. ఇద్దరం వెళ్ళి తెచ్చుకున్నాం. ఇరవై ఏడేళ్ళ తర్వాత మొదటిసారి చదివాను. మూడో పేజీలో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా నా పూర్తి ఇష్టంతో రాసి ఇస్తున్నట్టు ఉంది. అక్క పేరు కింద కూడా అవే మాటలు, అక్షరం తేడా లేకుండా.

"మేడమ్, ఈ వాక్యం మీరు చెప్పి రాయించారా?" అని అడిగింది.

"లేదమ్మా. దస్తావేజు లేఖరి రాసుకున్నాడు. అందరికీ అదే రాస్తాడు" అన్నాను.

తన నోటు పుస్తకం తీసి ఆ మాట రాసుకుంది.